చెప్పవలసినదీ, తీసివేయవలసినదీ: అమెరికా రాష్ట్రాల భోజనశాల చట్టాలు

భోజనశాలలో వడ్డించే పదార్థంలో ఏముందో తినేవారికి చెబితే చాలునా, లేక హాని చేసేదాన్ని వంటగది గడప దగ్గరే ఆపాలా? ఈ ప్రశ్నకు అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని రాష్ట్రాలూ నగరాలూ దాదాపు నూట యాభై ఏళ్లుగా చట్టాల రూపంలో జవాబులు వెతుకుతున్నాయి. పోషకాహార విజ్ఞానానికి జీవితాన్ని అంకితం చేసిన పెద్దల స్మృతికి అంజలి ఘటించే ఈ సభలో, వైద్యులూ న్యాయవాదులూ ఆహార భద్రతా అధికారులూ విద్యార్థులూ ఒకచోట కూడిన సందర్భంలో, ఆ జవాబుల చరిత్రను పరిశీలించడం సముచితం. తినేవారి ఒంటికి పట్టే తిండి వైద్యుడికి ఎంత సంబంధించినదో, ఆ తిండిని అమ్మే పద్ధతి న్యాయశాస్త్రానికీ అంతే సంబంధించినది. ఆ చరిత్ర మొత్తం నుంచి తేలే సారాంశాన్ని ముందే చెప్పుకోవచ్చు: తెలుసుకోవడం తినేవారి హక్కు, హానికరమైనదాన్ని తొలగించడం ప్రభుత్వ బాధ్యత. ఈ రెండూ అవసరమే. ఒకటి చేసి రెండోదాని నుంచి తప్పుకోవడం మాత్రం కుదరదు.

ఇంటి వంటకూ బయటి వంటకూ ఉన్న తేడాలోనే ఈ సమస్యకు మూలం ఉంది. ఇంట్లో ఏ నూనె పోశారో, ఎంత ఉప్పు వేశారో, వేపుడు నూనెను ఎన్నిసార్లు మరిగించారో వండేవారికి తెలుసు. భోజనశాలలో వంటగదికీ భోజనం బల్లకూ మధ్య గోడ ఉంటుంది. రుచి, వాసన, ధర మాత్రమే ఆ గోడ దాటి వస్తాయి. అమెరికాలో ఇరవయ్యో శతాబ్ది రెండో సగమంతా బయటి తిండి వాటా పెరుగుతూ వచ్చి, గత దశాబ్దం నాటికి జనం ఇంటి సరుకులకు పెట్టే ఖర్చును బయటి భోజనం ఖర్చు దాటింది. కొనేవారికి కనిపించని వంట అప్పుడే ప్రజారోగ్య విషయమైంది.

అయితే రాష్ట్రాలు ఈ రంగంలో తొలి అడుగు వేసింది పోషకాల గురించి కాదు, వెన్న గురించి. 1869లో ఫ్రాన్సులో మేజ్ మూరియే అనే రసాయన శాస్త్రజ్ఞుడు పశువుల కొవ్వుతో వెన్నకు బదులుగా మార్జరిన్‌ను తయారుచేశాడు. అది అమెరికా చేరగానే వెన్న అమ్ముకునే పాడి రైతులు కలవరపడ్డారు. 1877లో న్యూయార్క్ రాష్ట్రం మార్జరిన్ డబ్బాల మీద ఆ పేరు రాసి తీరాలన్నది. పెన్సిల్వేనియా ఇంకా ముందుకు వెళ్లి దాని అమ్మకాన్నే నిషేధించింది, 1888లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. 1886లో ఫెడరల్ ప్రభుత్వం పన్ను వేసింది. మార్జరిన్‌కు గులాబీ రంగు వేసి అమ్మాలన్న న్యూహాంప్‌షైర్ చట్టాన్ని 1898లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. తినేవారికి ఏవగింపు కలిగించడం తప్ప ఆ రంగుకు వేరే ప్రయోజనం లేదన్నది కోర్టు వాదనలోని సారం. పాడి రాష్ట్రంగా పేరున్న విస్కాన్సిన్ 1895 నుంచి 1967 దాకా పసుపు రంగు మార్జరిన్‌ను నిషేధించింది. తినేవారు కోరితే తప్ప భోజనశాలలో వెన్న స్థానంలో మార్జరిన్ వడ్డించరాదనే నిబంధన అక్కడి చట్టంలో ఆ తరవాత కూడా నిలిచి ఉంది.

ఈ తొలి చట్టాలలో ఒక మంచీ ఒక చెడూ కలగలిసి ఉన్నాయి. ఒకదాని పేరు చెప్పి మరొకటి అమ్మకూడదన్నది మంచి. పాడి వ్యాపారుల ప్రయోజనాన్ని ప్రజారోగ్యం పేరిట కాపాడాలనుకోవడం చెడు. భారతదేశంలో వనస్పతి విషయంలోనూ ఇలాంటి సమస్యే ఎదురైంది. నెయ్యిలో వనస్పతి కలిపితే పట్టుకోవడానికి వీలుగా, వనస్పతిలో కనీసం 5 శాతం నువ్వుల నూనె ఉండాలని ఇక్కడి చట్టం విధించింది. ఒక చిన్న రసాయన పరీక్షతో నువ్వుల నూనె ఉనికి తెలిసిపోతుంది కాబట్టి కల్తీ బయటపడుతుంది. న్యూహాంప్‌షైర్ గులాబీ రంగు తినేవారిని భయపెట్టడానికి ఉద్దేశించినది. ఈ నువ్వుల నూనె మోసాన్ని పట్టించడానికి ఉద్దేశించినది. ఆహార చట్టం ఎవరి మేలు కోరుతోందన్న ప్రశ్న ఎంత ముఖ్యమో ఈ రెండు ఉదాహరణలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

1906 నాటి శుద్ధ ఆహార, ఔషధ చట్టంతో ఫెడరల్ ప్రభుత్వం కల్తీ నివారణలోకి దిగింది. పోషకాల వివరాలు డబ్బా మీద ముద్రించడం తప్పనిసరి చేసిన చట్టం రావడానికి మాత్రం 1990 దాకా ఆగవలసి వచ్చింది. ఆ చట్టం కిరాణా కొట్టులోని బిస్కట్ల పొట్లానికి వర్తించింది కానీ భోజనశాలను వదిలేసింది. పొట్లం మీద ప్రతి గ్రామూ లెక్క రాసి ఉంటుంది. పళ్లెంలో వడ్డించిన వేపుడు గురించి ఒక్క అక్షరం ఉండేది కాదు. ఈ ఖాళీయే రాష్ట్రాలకూ నగరాలకూ మార్గం ఇచ్చింది. ఫెడరల్ చట్టం తాకని చోట ప్రజల ఆరోగ్యాన్ని కాపాడే అధికారం అమెరికా రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాలదే. ఒక రాష్ట్రం ధైర్యం చేసి దేశం మొత్తానికి ప్రయోగశాలగా పనిచేయవచ్చునని జస్టిస్ బ్రాండైస్ 1932లో ఒక మంచు వ్యాపారం కేసులో అన్నమాట ఈ రంగానికి అచ్చంగా సరిపోతుంది.

ఆ ప్రయోగశాలలో మొదట పరీక్షకు నిలిచింది ట్రాన్స్ ఫ్యాట్. ద్రవరూపంలోని నూనెలోకి హైడ్రోజన్ పంపి గట్టిపరిచే పద్ధతికి జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు విల్హెల్మ్ నార్మన్ 1902లో పేటెంటు పొందాడు. 1911లో అమెరికాలో క్రిస్కో బజారులోకి వచ్చింది, ఆ తరవాత మన ఇళ్లలోకి డాల్డా వచ్చింది. ఈ కొవ్వు త్వరగా చెడదు, మళ్లీమళ్లీ మరిగించినా తట్టుకుంటుంది, చవక. భోజనశాల వేపుడు బాండీకి అంతకన్నా అనుకూలమైనది మరొకటి లేదనిపించింది. కానీ పాక్షికంగా హైడ్రోజన్ చేర్చినప్పుడు పుట్టే ట్రాన్స్ ఫ్యాట్ రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది, మంచి కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది. 1990లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు మెన్సింక్, కటాన్ దీన్ని స్పష్టంగా నిరూపించారు. ఇలినాయ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఫ్రెడ్ కుమరో దశాబ్దాల పాటు ఈ కొవ్వుకు వ్యతిరేకంగా పనిచేసి, 2009లో తన తొంభై నాలుగేళ్ల వయసులో నిషేధం కోరుతూ ఫెడరల్ ఆహార, ఔషధ సంస్థకు అర్జీ పెట్టాడు, జవాబు రాకపోతే 2013లో కోర్టుకు వెళ్లాడు. ఒక శాస్త్రవేత్త ఓర్పు ఒక దేశపు చట్టాన్ని కదిలించగలదనడానికి ఆయన జీవితమే నిదర్శనం.

న్యూయార్క్ నగరం నడిచిన దారి ఈ చరిత్రలో విశేషంగా చెప్పదగినది. 2005లో నగర ఆరోగ్య శాఖ భోజనశాలలను బతిమాలింది. ట్రాన్స్ ఫ్యాట్ ఉన్న నూనెలు స్వచ్ఛందంగా మానేయమని ఉత్తరాలు పంపింది, యజమానులకు శిక్షణ ఇచ్చింది. ఏడాది తరవాత లెక్క చూస్తే, అంతకు ముందు లాగే దాదాపు సగం భోజనశాలలు అదే నూనె వాడుతున్నాయి. వినతి ఫలించలేదు. 2006 డిసెంబరు 5న నగర ఆరోగ్య మండలి నిబంధన చేసింది: ఒక వడ్డనకు అర గ్రాము లేదా అంతకు మించి కృత్రిమ ట్రాన్స్ ఫ్యాట్ ఉండరాదు. 2007 జులై నుంచి వేపుడు నూనెలకూ, 2008 జులై నుంచి అన్ని పదార్థాలకూ ఇది వర్తించింది. నగరం జరిమానాతో సరిపెట్టకుండా, ఏ నూనెకు బదులు ఏ నూనె వాడాలో, రొట్టెలూ కేకులూ ఎలా చేయాలో చెప్పే సహాయ కేంద్రాన్నీ నడిపింది. 2008 చివరికి తనిఖీ చేసిన భోజనశాలలలో 98 శాతం నిబంధన పాటిస్తున్నాయి.

నగరం చూపిన దారిన మొదట నడిచిన రాష్ట్రం కాలిఫోర్నియా. 2008 జులైలో గవర్నర్ ష్వార్జ్‌నెగ్గర్ సంతకంతో ఆ రాష్ట్రం భోజనశాలలలో ట్రాన్స్ ఫ్యాట్ నిషేధించింది. అది 2010 జనవరి 1 నుంచి నూనెలకూ, 2011 నుంచి బేకరీ పదార్థాలకూ అమలైంది. ఉల్లంఘనకు 25 డాలర్ల నుంచి 1,000 డాలర్ల దాకా జరిమానా. చివరికి 2015 జూన్‌లో ఫెడరల్ ఆహార, ఔషధ సంస్థ పాక్షికంగా హైడ్రోజన్ చేర్చిన నూనెలు సురక్షితం కావని నిర్ణయించింది. 2018 జూన్ నుంచి ఆ నిర్ణయం దేశమంతటా అమలులోకి వచ్చింది. నగరం నుంచి రాష్ట్రానికీ, రాష్ట్రం నుంచి దేశానికీ ఈ చట్టం చేరడానికి పన్నెండేళ్లు పట్టింది.

రెండో పాయ మెనూ మీద కేలరీల సంఖ్య. ఇదీ అదే నగరంలో, అదే రోజున మొదలైంది. కేలరీల లెక్కలు అప్పటికే తమంతట తాము ప్రకటిస్తున్న భోజనశాలలు వాటిని మెనూ బోర్డు మీదే రాయాలని 2006 నాటి తొలి నిబంధన చెప్పింది. భోజనశాలల సంఘం కోర్టుకెక్కింది. స్వచ్ఛందంగా చెప్పే మాటలను నియంత్రించే అధికారం ఫెడరల్ చట్టానిది కాబట్టి ఈ నిబంధన చెల్లదని 2007 సెప్టెంబరులో ఫెడరల్ జిల్లా కోర్టు తీర్పు చెప్పింది. అయితే, అందరికీ తప్పనిసరి చేస్తే అభ్యంతరం ఉండదన్న సూచన ఆ తీర్పులోనే ఉంది. నగరం దాన్ని గ్రహించింది. దేశంలో 15 గానీ అంతకు మించి గానీ శాఖలున్న ప్రతి భోజనశాల కేలరీలు రాయాలంటూ 2008 జనవరిలో నిబంధనను తిరగరాసింది. నిజమైన వాస్తవాన్ని చెప్పమనడం వాక్ స్వాతంత్ర్యానికి భంగం కాదంటూ 2009 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు దాన్ని సమర్థించింది. ఓడిన తీర్పును చదివి మెరుగైన చట్టం రాయడం పరిపాలనలో అరుదుగా కనిపించే మంచి లక్షణం.

2008 సెప్టెంబరు 30న కాలిఫోర్నియా మెనూ లేబులింగ్ చట్టం చేసిన తొలి రాష్ట్రమైంది. ఆ రాష్ట్రంలో 20 గానీ అంతకు మించి గానీ శాఖలున్న సంస్థలకు అది వర్తించింది. 2009లో మెయిన్, మసాచుసెట్స్, ఆరెగాన్, 2010 మొదట్లో న్యూజెర్సీ అదే బాట పట్టాయి. వాషింగ్టన్ రాష్ట్రంలోని కింగ్ కౌంటీ, ఫిలడెల్ఫియా నగరం సొంత నిబంధనలు చేశాయి. ఒకచోట కేలరీలు చాలు, మరొకచోట ఉప్పు, కొవ్వు, పిండిపదార్థం కూడా రాయాలి. అన్ని రాష్ట్రాలలో అంగళ్లున్న పెద్ద సంస్థలకు ఈ వైవిధ్యం పెద్ద భారమైంది. అంతవరకు ఎదిరించిన భోజనశాలల జాతీయ సంఘమే దేశమంతటికీ ఒకే చట్టం కావాలని కోరింది. 2010 మార్చిలో వచ్చిన ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 4205వ సెక్షన్ అలా పుట్టింది. ఒకే పేరుతో 20 గానీ అంతకు మించి గానీ శాఖలున్న సంస్థలు మెనూ మీద కేలరీలు రాయాలి, పెద్దవారికి రోజుకు సుమారు 2,000 కేలరీలు సాధారణ సలహా అని తెలిపే వాక్యం ఉంచాలి, అడిగినవారికి కొవ్వు, సోడియం, చక్కెర వగైరా వివరాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. పలు వాయిదాల తరవాత 2018 మే 7న ఇది అమలులోకి వచ్చింది. అయితే అలాంటి సంస్థల మీద రాష్ట్రాలు దీనికి భిన్నమైన పోషక లేబుళ్లు విధించరాదన్న షరతూ అందులోనే ఉంది. రాష్ట్రాలు సాధించిన విజయమే ఆ మేరకు వాటి చేతులు కట్టేసింది.

ఎదురు దిశలోనూ చట్టాలు వచ్చాయి. ఊబకాయానికి కారణమంటూ మెక్‌డొనాల్డ్స్ మీద 2002లో న్యూయార్క్‌లో వేసిన దావాను కోర్టు మరుసటి ఏడాది కొట్టివేసింది. ఆ దావా భయంతో, తిండి వల్ల లావైనందుకు భోజనశాలల మీద దావా వేయరాదనే చట్టాలను 2003లో లూయిజియానాతో మొదలుపెట్టి ఇరవైకి పైగా రాష్ట్రాలు చేశాయి. తమ నగరాలు సొంతంగా పోషక నిబంధనలు చేయకుండా కొన్ని రాష్ట్రాలు అడ్డుకట్ట వేశాయి. భోజనశాలలలో తీపి పానీయాల పరిమాణం 16 ఔన్సులు దాటరాదన్న న్యూయార్క్ నగర నిబంధనను ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 2014 జూన్‌లో కొట్టివేసింది. శాసనసభ చేయవలసిన విధాన నిర్ణయాన్ని ఆరోగ్య మండలి తనంతట తాను చేసిందన్నది కారణం. తొలగించే అధికారానికి ప్రజాప్రతినిధుల ఆమోదం ఎంత అవసరమో ఆ తీర్పు గుర్తుచేసింది.

ఇక ఫలితాలు. న్యూయార్క్ నగరంలో నిషేధానికి ముందూ తరవాతా భోజన రసీదులను పోల్చి చూసిన అధ్యయనంలో, ఒక్కో మధ్యాహ్న భోజనంలో ట్రాన్స్ ఫ్యాట్ సగటున 2.4 గ్రాములు తగ్గింది. పేద పేటలలోనూ సంపన్న పేటలలోనూ తగ్గుదల కనిపించింది. నిషేధం అమలైన న్యూయార్క్ రాష్ట్ర కౌంటీలలో మూడేళ్ల తరవాత గుండెపోటు, పక్షవాతంతో ఆస్పత్రిలో చేరేవారు నిషేధం లేని కౌంటీలతో పోలిస్తే 6.2 శాతం తగ్గారని 2017లో వెలువడిన పరిశోధన తేల్చింది. కేలరీల బోర్డుల ఫలితం ఇంత గట్టిది కాదు. స్టార్‌బక్స్ అంగళ్లలో ఒక్కో కొనుగోలులో కేలరీలు 6 శాతం తగ్గాయని ఒక అధ్యయనం చూపింది. న్యూయార్క్ పేద పేటలలో జరిపిన 2009 నాటి అధ్యయనంలో, అంకెలు చూశామని, వాటివల్ల తమ ఎంపిక మారిందని కొందరు చెప్పినా, కొన్న తిండిలో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు.

కారణం స్పష్టమే. బోర్డు చదవడానికి తీరిక కావాలి, అంకెను అర్థం చేసుకునే చదువు కావాలి, చవకైన వేరే తిండి దగ్గరలో దొరకాలి. రెండు పనులు చేసి అర్ధరాత్రి ఆకలితో వరసలో నిలబడిన కూలీకి ఈ మూడూ ఒకేసారి అందడం కష్టం. బాండీలోని నూనె మారితే మాత్రం చదివినవారికీ చదవనివారికీ సమానంగా మేలు జరుగుతుంది. అలాగని లేబుల్ వ్యర్థం కాదు. అది తినేవారి గౌరవానికి సంబంధించినది. మధుమేహంతో బాధపడేవారు అన్నం, రొట్టె లెక్క వేసుకోవడానికీ, రక్తపోటు ఉన్నవారు ఉప్పు తగ్గించుకోవడానికీ సమాచారమే ఆధారం. అంకెను బయటపెట్టవలసి వచ్చినప్పుడు వండేవారూ తమ వంటకాన్ని ఒకసారి తూకం వేసి చూసుకుంటారు.

కాబట్టి ఏది ఎక్కడ వాడాలన్న వివేచన ముఖ్యం. శరీరానికి ఏ మేలూ చేయనిది, కంటికి కనబడనిది, బదులుగా వాడేందుకు మరొకటి సులువుగా దొరికేది అయితే దాన్ని తొలగించడమే న్యాయం. ట్రాన్స్ ఫ్యాట్ మూడు షరతులకూ సరిపోయింది. ఉప్పు, చక్కెర, కేలరీలు అలాంటివి కావు. అవి తిండిలో భాగం, హాని మోతాదులో ఉంది. అక్కడ చెప్పడం, హెచ్చరించడం, మంచి ఎంపికను దగ్గర చేయడం సరైన పద్ధతులు. 2,300 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి సోడియం ఉన్న వంటకం పక్కన ఉప్పుడబ్బా గుర్తు పెట్టాలని న్యూయార్క్ నగరం 2015లో విధించింది. పిల్లల భోజనంతో పాటు, వేరే ఏదీ అడగకపోతే నీళ్లో పాలో ఇవ్వాలని కాలిఫోర్నియా 2018లో చట్టం చేసింది. తీపి పానీయం కావాలంటే అడిగి తీసుకోవచ్చు. తల్లిదండ్రుల స్వేచ్ఛను తీసేయకుండా పిల్లల అలవాటును మార్చే మార్గమిది.

2023 తరవాత రాష్ట్రాలు మళ్లీ ముందుకు వచ్చాయి. ఆ ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా పొటాషియం బ్రోమేట్, ప్రొపైల్ పారాబెన్, బ్రోమిన్ చేర్చిన వృక్షసంబంధ నూనె, రెడ్ 3 రంగు అనే నాలుగింటిని 2027 నుంచి నిషేధించింది. వాటిలో రెండింటికి, బ్రోమిన్ నూనెకు 2024లోనూ రెడ్ 3కి 2025లోనూ, ఫెడరల్ సంస్థే అనుమతి రద్దు చేసింది. 2025లో వెస్ట్ వర్జీనియా కృత్రిమ రంగుల మీద నిషేధం తెచ్చింది, టెక్సాస్ 44 పదార్థాలకు హెచ్చరిక లేబుల్ విధించింది. అదే ఏడాది లూయిజియానా, విత్తనాల నూనెలతో వండే భోజనశాలలు ఆ సంగతి తెలిపే ప్రకటన పెట్టాలని చట్టం చేసింది. పొద్దుతిరుగుడు, సోయా, తవుడు నూనెలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఇక్కడ ఆగి ఆలోచించాలి. సంతృప్త కొవ్వుకు బదులు ఇలాంటి నూనెలు వాడితే గుండెకు మేలని హృద్రోగ నిపుణుల సంస్థలు చెబుతున్నాయి. నిరూపణ లేని భయాన్ని చట్టం గోడ మీద రాయిస్తే, అది నూట పాతికేళ్ల కిందటి గులాబీ రంగు మార్జరిన్‌కు దగ్గరి చుట్టమవుతుంది. సమాచారం హక్కు అన్నమాట ఎంత నిజమో, తప్పుదారి పట్టించే సమాచారం ఆ హక్కుకు భంగమన్నదీ అంతే నిజం.

ఇలాంటి చరిత్ర తెలుగు నేలకూ ఉంది. కల్తీ నిరోధానికి మద్రాసు ప్రెసిడెన్సీ 1918లోనే చట్టం చేసుకుంది. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంతో ప్రమాణాలు నిర్ణయించే పని జాతీయ సంస్థకు వెళ్లినా, హానికరమైన ఆహారాన్ని ఏడాది వరకు నిషేధించే అధికారం రాష్ట్ర ఆహార భద్రతా కమిషనర్‌కు ఉంది. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను 2024 అక్టోబరు 30న తెలంగాణ ఏడాది పాటు నిషేధించింది ఆ అధికారంతోనే. నూనెలలో, కొవ్వులలో ట్రాన్స్ ఫ్యాట్‌ను భారతదేశం 2022 జనవరి నుంచి 2 శాతానికి పరిమితం చేసింది. పది లేదా అంతకు మించి శాఖలున్న భోజనశాలలు మెనూలో కేలరీలు చూపాలన్న నిబంధన అదే ఏడాది జులై నుంచి అమలులోకి వచ్చింది. కానీ మన ఊళ్లలో ఎక్కువమంది తినేది ఒంటరి టిఫిన్ సెంటర్లో, మిర్చి బజ్జీల బండి దగ్గర. పది శాఖల లెక్క వాటిని చేరదు.

అందువల్ల న్యూయార్క్ నేర్పిన పాఠం ఇక్కడికీ వర్తిస్తుంది. బండి మీద అంకెల బోర్డు పెట్టించడం కన్నా, ఆ బాండీలోకి మంచి నూనె చవకగా చేరేలా చూడడం, మాడిన నూనెను మళ్లీ వాడకుండా ఆపడం, వండేవారికి నిషేధంతో పాటు శిక్షణా సహాయమూ అందించడం ముందు జరగాలి. పెద్ద సంస్థలు తమ అంకెలు దాచకుండా చెప్పాలి. శాస్త్రం నిరూపించిన హానిని ప్రభుత్వం వంటగదిలోనే ఆపాలి, నిరూపించనిదాన్ని నిషేధించకూడదు. ఈ సభలోని వైద్యులు సాక్ష్యం కూర్చాలి, న్యాయవాదులు దాన్ని నిలబడే చట్టంగా రాయాలి, అధికారులు పక్షపాతం లేకుండా అమలు చేయాలి. అప్పుడే, బోర్డు చదవలేని వారి పళ్లెంలో కూడా మంచి తిండి ఉంటుంది.